ఆరు రోజుల ముప్ఫై తొమ్మిదిన్నర

“మే నెలని మించిన ఏప్రిల్ మన ఊళ్లో ఒక్కసారే వచ్చింది. అదీ దానంతటది రాలేదు, మేమే రప్పించాం,” అన్నాడు బాబాయి, పాత రిజిస్టరు మీది దుమ్ము తువ్వాలుతో దులుపుతూ.

సొంత బాబాయి కాదు, పక్కింటాయన. రేవు ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. ఆ ఆఫీసు పెరట్లో నాలుగు కాళ్ల మీద ఒక తెల్ల చెక్కపెట్టె ఉండేది. గాలి ఆడేందుకు పక్కల సందులు, లోపల థర్మామీటర్లు. పొద్దున ఎనిమిదిన్నరకి వాటిని చూసి రాయడం ఆయనకి అంటగట్టిన అదనపు పని. ముప్ఫై రెండేళ్లు రాశాడు. వీధిలో ఆయన పేరు ఎండాయన. ఉక్కపోస్తోందని చెప్పడానికి చొక్కా చాలదా, రిజిస్టరెందుకని టీకొట్టాయన ఏడిపించేవాడు.

బాబాయికి మాత్రం ఏ నెల బుద్ధి ఆ నెలదే. జనవరి తెల్లవారుజామున పద్దెనిమిదికి దిగుతుంది, తొమ్మిదయ్యేసరికి మాట మారుస్తుంది. మార్చిలో పదకొండింటికల్లా సముద్రపు గాలి వచ్చేస్తుంది. మేలో అదే గాలి అలిగిన అల్లుడిలా రెండయినా గడప తొక్కదు. ఏప్రిల్ మధ్యాహ్నాలు ముప్ఫై అయిదు దగ్గర ఉంటే, మే దానికి ఒక మెట్టు పైన. జూన్‌లో అంకె దిగుతుంది, చెమట దిగదు. మొత్తం మీద నెలల సగటుల మధ్య తేడా ఏడెనిమిది డిగ్రీలు దాటదు. ఆ కాస్త తేడాకే ఆయన అన్నేళ్లు కాపలా కాశాడు.

పంతొమ్మిదేళ్ల కిందట ఒక ఏప్రిల్‌లో ఆయనకి అపెండిక్స్ ఆపరేషనయింది. తొమ్మిది రోజులు ఆసుపత్రిలోనే. పెట్టె తాళం పిన్నికిచ్చాడు. అంకెకి కన్ను తిన్నగా ఉండాలని, పెట్టెలోకి ఊపిరి వదలకూడదని పదిసార్లు చెప్పాడు. ఎనిమిదో రోజు నర్సు జ్వరం చూడబోతూ థర్మామీటరుని రెండుసార్లు విదిలించింది. బాబాయికి అప్పుడు తట్టింది. పగటి వేడి ఎంత పైకెళ్లిందో చూపే థర్మామీటరూ అలాంటిదే. ఎక్కిన పాదరసం విదిలిస్తే తప్ప దిగదు. ఆ ఒక్క మాటే పిన్నికి చెప్పలేదు.

ఇంటికొచ్చి రిజిస్టరు తెరిచాడు. మొదటి మూడు రోజులూ ముప్ఫై అయిదు దగ్గర. నాలుగో రోజు గాలి నేల వైపు నుంచి తిరిగి ముప్ఫై తొమ్మిదిన్నర. ఆ తర్వాత అయిదు రోజులూ అదే ముప్ఫై తొమ్మిదిన్నర, పక్కన గుండ్రటి అక్షరాలతో పిన్ని సంతకం. కొట్టేద్దామని కలం తీశాడు. ఒక్క పూట కూడా తప్పలేదండీ అంది పిన్ని, వెనక నిలబడి. కలం మళ్లీ జేబులో పెట్టేశాడు. ఆ నెల సగటు ముప్పాతిక డిగ్రీ పెరిగి మే నెలని దాటిపోయింది.

అప్పట్నుంచీ పిన్ని ఇంటికి ఎవరొచ్చినా ఆ వారం సంగతి చెబుతుంది. మీ బాబాయి చేతిలో కిక్కురుమనకుండా ఉన్న ఎండ, నేను కాగితం పట్టుకోగానే చెలరేగిపోయిందని నవ్వుతుంది.

పాత రిజిస్టర్లు తన దగ్గరే ఉంచుకున్న బాబాయికి పోయిన వారం పెద్దాఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. పాత రిజిస్టర్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కిస్తారట, తెలిసిన తప్పులుంటే చీటీ జతచేయమన్నారు. ఒకసారి ఎక్కిందంటే ఆ ఏప్రిల్ ఇక అలాగే ఉండిపోతుంది. సోమవారం నేను అటు వెళ్తున్నానని తెలిసి బాబాయి పిలిచాడు.

చీటీ రాసిపెట్టే ఉంచాడు. అయిదు తేదీలు, ఈ అంకెలు వదిలేయండన్న మాట. దాని కింద ఇంకో వరస: ‘చూసినవారు సరిగ్గానే చూశారు. విదిలించమని చెప్పని తప్పు నాది.’

“పిన్నికి చెప్పేస్తే పోలా బాబాయ్?”

“పంతొమ్మిదేళ్లు మింగి ఇప్పుడేం కక్కుతాంరా. నేను కడుపు కోయించుకుని పడుకుంటే, ఇల్లూ ఆసుపత్రీ చూసుకుంటూ రోజూ టైముకెళ్లి ఆ పెట్టె ముందు నిలబడింది. అంకె తప్పు కానీ, నిలబడ్డం తప్పు కాదుగా.”

ఎవరితో ఆ గుసగుసలు, మళ్లీ ఆ నెలల గొడవేనా అని వంటింట్లోంచి పిన్ని అడిగింది. అవునన్నాడు బాబాయి. చీటీని రిజిస్టరులో దోపి, గుడ్డసంచిలో సర్ది నా చేతికిచ్చాడు.

“నేరుగా పెద్ద గుమాస్తా చేతికే ఇవ్వు. ఇంకో సంగతి. వంటింటి వైపు నుంచి వెళ్లు. ఆ ఏప్రిల్ కథేంటి పిన్నీ అని అడుగు. బస్సుకి టైమైందనకుండా కూర్చుని మొత్తం విను.”