మా అత్త పేరెత్తని ఆకు

పుస్తకాల్లో దాని పేరు నేల ఉసిరి. ఆకు అచ్చం ఉసిరాకులాగే ఉంటుంది. ఆకు అడుగున ఆవగింజ కంటే కాస్త పెద్ద కాయలు వరసగా వేలాడతాయి. మొక్క మాత్రం జానెడు మించి లేవదు. చెట్టు కాలేకపోయిన ఉసిరి కాబట్టి నేల ఉసిరి. ఇంత సులువైన పేరు పెట్టిన మహానుభావుడెవరో గానీ ఆయనకు దండం పెట్టాలి. సంస్కృతం వచ్చినవాళ్ళు భూమ్యామలకి అంటారు. అదీ ఈ మాటే, పట్టుపంచె కట్టుకుని వచ్చిందంతే.

చోడవరంలో మాత్రం ఈ రెండు పేర్లూ చెల్లవు. ఇక్కడ దానికి మూడో పేరుంది. దాని వెనక పెద్ద పురాణం ఉందని, ఋషులున్నారని మొన్న ఒక మాస్టారు అరుగు మీద కూర్చుని సెలవిస్తుంటే విని నాకు ఒళ్ళు మండింది. పురాణమూ లేదు, పుడకా లేదు. దాని వెనక ఉన్నది మా మేనత్త అచ్చియ్యమ్మ.

మనిషి చూడటానికి పిట్టంత. నోరు మాత్రం ఊరంత. దారికడ్డంగా నిలబడ్డ ఎద్దుని ఆవిడ తిడితే బండివాడు దిగి పక్కకి తప్పుకునేవాడు. ఆవిడ పచ్చకామెర్లకి పసరు ఇచ్చేది. ఆదివారం తెల్లవారేసరికి రావికమతం నుంచీ దేవరాపల్లి నుంచీ జనం బళ్ళు కట్టుకుని వచ్చేవారు. అందరినీ గోడవైపు తిప్పి కూర్చోబెట్టి, "ఎనక్కి సూసినోడి కళ్ళు పోతాయి" అని దీవించి, చెరుకు గట్ల వెంట వెళ్ళేది. ఎవరైనా చాటు నుంచి చూస్తారేమోనని ఐదు రకాల మొక్కలు పీకేది. ఇంటికొచ్చాక నాలుగు రకాలు గేదె ముందు పడేసి, ఐదోది నూరి మజ్జిగలో కలిపి ఇచ్చేది. డబ్బు ముట్టుకునేది కాదు. బెల్లం దిమ్మైతే ముట్టుకునేది. ముట్టుకుని, చిన్నదని ముఖం చిట్లించేది.

ఆ ఆకు సంగతి వాళ్ళ అత్తగారు పోతూ పోతూ ఆవిడ చెవిలో వేసిందట. మా వైపు పసరు మందులన్నిటికీ ఒకటే కట్టుబాటు. పేరు పైకి చెబితే చెప్పినవాళ్ళ చేతిలో మందు పనిచెయ్యదు. తన చేత్తో తనే తీసుకున్నా పనిచెయ్యదు.

ఆంధ్రరాష్ట్రం వచ్చిన మరుసటేడు, చెరుకు గానుగలు ఆడే రోజుల్లో, మా అత్తకే కామెర్లు వచ్చాయి. కళ్ళు పసుపు ముద్దలయ్యాయి. అన్నం సయించలేదు. తన చేత్తో మందు తీసుకోకూడదు. ఇంకొకరి చేత్తో తీసుకోవాలంటే ఆకు చెప్పాలి. చెబితే చెయ్యి పోతుంది, చెప్పకపోతే మనిషి పోతుంది. మనిషి పోవడమే నయమని మా అత్త తేల్చుకుని గోడకి తిరిగి పడుకుంది.

ఆవిడ కొడుకు సత్యారావు, నాకు బావ, మంచం దగ్గర కూర్చుని బతిమాలాడు.

"నీ కోడలికి సెప్పీయే అమ్మా. అది నూరి ఇస్తాది."

"సెప్పీస్తే ఇంక నానెవుల్నిరా? ఆదివారం నా గుమ్మంలోకి ఎవులొస్తారు? గేదెకి గడ్డెయ్యడానికి బతకమంటావేటి?"

"పోనీ ఇశాపట్నం పెద్దాసుపత్రికి పోదాం."

"ఆసుపత్రిలో తగ్గనోల్లేరా నాకాడికొచ్చేది. ఆల్లకెదురుగా ఎల్లి ఆ మంచం మీద నన్ను తొంగోమంటావా?"

జానెడు మొక్క కోసం ప్రాణం తీసుకుంటావా అని నేను ఇల్లెగిరిపోయేలా అరిచాను. అరుస్తూనే ఏడ్చాను కూడా. అమ్మ పోయాక నన్ను పెంచి పెద్దచేసింది ఆవిడే. ఆ నోరు లేని ఇల్లు నాకు అక్కర్లేదు.

ఒక పొద్దున్న సత్యారావు భార్య చిన్నతల్లి మట్టి ముంత పట్టుకొచ్చి మంచం పక్కన చతికిలపడింది. ముంతలో పచ్చటి మజ్జిగ.

"తాగత్తా."

అత్త వాసన చూసింది. ఇన్నాళ్ళూ తల ఎత్తలేని మనిషి లేచి కూర్చుంది.

"ఏ ఆకే ఇది?"

"పేరు సెప్పకూడదు కదత్తా. సెప్తే నా సెయ్యి పోతాది."

నాకు నవ్వు ఆగలేదు. అత్తకి రాలేదు.

"ఎవులు సెప్పేర్నీకు?"

"ఎవులూ సెప్పనేదు. ఊరందరికీ తెలుసు. గట్టు మీద నువ్వు పీకినవి ఐదు, గేదెకేసినవి నాలుగు. ఆపాటి లెక్క రాదేటి మాకు?"

అత్త నావైపు తిరిగింది. "నీకూ తెలుసేట్రా?"

నేను ఇంటి దూలాలు చూస్తూ నిలబడ్డాను.

చావుకి సిద్ధపడి కన్నీటిచుక్క రాల్చని మనిషి అప్పుడు వలవలా ఏడ్చింది. "ఇన్నేళ్ళూ నన్ను ఎర్రిదాన్ని సేసేర్రా మీరంతా?"

"ఎర్రిదాన్ని సెయ్యడానికి ఊరు ఊరంతా ఇన్నేళ్ళు నోరు మూసుకుంటాదేటత్తా?" అంది చిన్నతల్లి. "మనిద్దరం ఒక్క పూట మూసుకోలేం. పేరు బయటపడితే నీ సెయ్యి పోతాదని ఎవులూ పలకనేదు. నీ ముందూ పలకనేదు, నీ ఎనకా పలకనేదు. అసలు పేరు ఇప్పుడు సగం మందికి గురుతే నేదు."

"తెలిసినోల్లు నాకాడికెందుకొచ్చేరే మరి?"

"గట్టు మీద ఆకు ఎవులైనా పీకుతారు. నీ సేత్తో పడితేనే తగ్గుతాదని."

అత్త కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"మరి మీలో మీరు దాన్ని ఏటని పిలస్తన్నార్రా?"

చిన్నతల్లి గతుక్కుమని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అత్త పేరు కోడలు పలకకూడదు. తల్లి పేరు సత్యారావు చచ్చినా పలకడు. చివరికి ఆ పని నా నెత్తిన పడింది.

"అచ్చియ్యమ్మాకు," అన్నాను.

ఎవరూ పనిగట్టుకుని పెట్టలేదని, 'అచ్చియ్యమ్మ ఇచ్చే ఆకు' అని అనీ అనీ అరిగి అలా మిగిలిందని చెప్పాను. కలుపు తీసే ఆడవాళ్ళు కూడా "అది అచ్చియ్యమ్మాకే, తొక్కీకండి" అంటారని చెప్పాను. చెబుతున్నంతసేపూ తిట్ల కోసం తల వంచుకునే ఉన్నాను.

"సిన్నంతరం పెద్దంతరం నేదు ఎదవలకి," అంది అత్త. "ఒట్టి పేరెట్టి పిలుస్తారా? అచ్చియ్యమ్మగారాకు అంటే నోరు పడిపోతాదా?"

కళ్ళు తెల్లబడటానికి నెల పట్టింది. పసరు పనిచేసిందో, పథ్యం పనిచేసిందో, రోగానికే విసుగొచ్చి పోయిందో నాకు తెలియదు. నోరు మాత్రం ఆ పూటే బాగుపడింది. ముంత ఎత్తి గటగటా తాగి, కోడలి చేతిలో పెట్టింది. ఆ మందు గురించి ఆవిడ పైకి చెప్పిన మొదటి మాట నేను అప్పుడు విన్నాను.

"ఏర్లు ఒగ్గేసి ఆకొక్కటే నూరేవు కదే? సేదన్నదే నేదు. రేపు ఏర్లతో పీకి తే."