ఒకటి లేని గోడ

మా వాగును బతికించింది నేనే. అద్దంకి వెళ్లినప్పుడల్లా టీ కొట్టు దగ్గర ఈ మాట అంటుంటాను. వినేవాళ్లు కొత్తవాళ్లైతే పలుగు కూడా నేనే పట్టానంటాను. పట్టలేదు. ఊళ్లోవాళ్లు వంతులు వేసుకుని పూడిక తీశారు. నేను మోకాళ్ల నొప్పులని చెప్పి తుమ్మచెట్టు కింద కూర్చుని, తట్టలు మోసేవాళ్లకి దారి చూపించాను. వాళ్లకి దారి తెలుసు.

నిజంగా నా చేత్తో చేసింది ఒకటే పని. చెక్‌డ్యామ్ గోడ మీద తెల్లరంగుతో అంకెలు వేశాను. నీళ్లు ఎంత ఉన్నాయో చూసి వాగు వెంట ఊళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. నీళ్లు మూడో అంకెకి దిగితే పొలాలకి తోడే ఇంజన్లు ఆపెయ్యాలని అందరం కూర్చుని అనుకున్నాం. ఆ మిగిలినవి చర్చి వెనక పల్లెకి. గోడకి దిగువన ఇసకలో చెలమ తవ్వుకుని తాగేనీళ్లు ముంచుకుంటారు వాళ్లు. పైన మడుగు నిలిస్తేనే కింద చెలమ ఊరేది.

నేను అడుగున ఒకటి వెయ్యలేదు. రెండు నుంచి మొదలుపెట్టాను.

"ఒకటేదిరా?" అన్నాడు నా ఈడువాడొకడు.

"ఇసకలో కప్పడిపోయిందిరా. తవ్వుకో, దొరుకుద్ది."

అందరూ నవ్వారు. వాగు ఎగువనున్న పై ఊరి గోడ నాలుగంటే మా గోడ అయిదనేది. ఫొటో గ్రూపులో పెట్టి మీసం దువ్వుకునేవాణ్ణి.

మిరప ఆఖరి కోతల నాటికి నీళ్లు మూడుకి దిగిపోయాయి. గోడ మాత్రం నాలుగనే అంటోంది. ఇంజన్లు ఆడాయి. ఎండలు ముదరకముందే మడుగు అడుగంటింది. దాని వెనకే చెలమా ఎండింది.

మా చేలో కాయ కోతకి వచ్చే పల్లె ఆవిడ ఖాళీ బిందెతో గోడ దగ్గర నిలబడి ఉంది.

"పెద్దయ్యా, ఇక్కడ రెండని రాసుందే. ఏయీ ఆ రెండు?"

గోడ మొదట్లో బురద నెర్రెలిచ్చి ఉంది. ఆవిడ బిందె చంకన పెట్టుకుని పై ఊరి బోరు దారి పట్టింది. ఆ ఎండాకాలమంతా పల్లె ఆడవాళ్లు మా ఇంటి ముందు నుంచే నడిచారు. మొదట్లో పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని అరుగు మీద కూర్చునేవాణ్ణి. తర్వాత అరుగు మీదకి రావడమే మానేశాను.

వానలకి ముందు గోడకి మళ్లీ అంకెలు వెయ్యాలని అందరూ చేరారు. నేను లేచి చెప్పేశాను.

"మన ఊరు పై ఊరికి తీసిపోకూడదని ఒక అంకె ఎక్కించాను. పరువు కోసం చేశాను. తప్పే."

"పోనీలెండి, ఊరి మీద అభిమానం," అన్నాడు ఒకాయన. ఆ మాట వినడానికి నాకు హాయిగానే ఉంది.

వెనక నుంచి, ఆ రోజు ఖాళీ బిందెతో నిలబడ్డ ఆవిడ అంది:

"ఊరి పరువు సంగతి నాకు తెలీదు పెద్దయ్యా. మిగతావాళ్లంతా కోతలైపోయి ఆపేశారు. ఆ తర్వాత వాగులో ఆడింది నీ ఒక్క ఇంజనే. నీ మిరపకి ఇంకో తడి పెట్టుకున్నావు. అది చెప్పు."