నా నాలుక తడబడిన ఉదయం

మేం అప్పట్లో రాయ్‌పూర్ డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో ఉండేవాళ్ళం. అక్కడి రైల్వే వ్యాగన్ల వర్క్‌షాప్‌లో పనిచేసే నాన్నకు చిన్నప్పటి నుంచీ నత్తి. కూరగాయల బండి దగ్గరైనా, బంధువుల ఫోన్లలోనైనా ఆయన ఎక్కడ ఆగితే అక్కడ ఆ మాట నేను అందించేసేదాన్ని. సాయం చేస్తున్నాననే అనుకునేదాన్ని.

నాకు సింథసైజర్ల పిచ్చి, అంటే కరెంటుతో సంగీత స్వరాలు పుట్టించే వాద్యాలు. నాకు ముప్ఫయ్యేళ్ళు వచ్చిన ఏడాది ఒక ఆదివారం పొద్దున్న, కొత్తగా తెప్పించుకున్న డిజిటల్ డిలే మాడ్యూల్‌ను నా సింథసైజర్‌లో బిగించాను. శబ్దాన్ని పట్టుకుని కాస్త ఆలస్యంగా తిరిగి వినిపించే చిన్న పరికరం అది. మైకు కలిపి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఇదెలా పనిచేస్తుందో నాన్నకు చెప్పబోయాను. నా గొంతే క్షణం ఆలస్యంగా చెవిలో పడుతుంటే నాలుక మడతపడింది.

"ఇ... ఇది... ప... పని..."

మాట ముందుకు కదల్లేదు. సిగ్గుతో ముఖం వేడెక్కింది.

నాన్న నవ్వలేదు. మాట అందించనూ లేదు. నా కళ్ళలోకి చూస్తూ, నేను వాక్యం పూర్తిచేసేదాకా అలాగే కూర్చున్నారు.

హెడ్‌ఫోన్స్ తీసేసి అడిగాను. "నాన్నా, నేను మధ్యలో మాట అందిస్తే నీకెలా ఉంటుంది?"

"బు... బురా ఏం అనిపించదమ్మా, బాధేం లేదు. కానీ చా... చాలాసార్లు నేను చెప్పాలనుకున్నది వే... వేరే మాట."

ఆ రోజు నుంచి ఆయన ఆగితే నేనూ ఆగుతున్నాను. మా నాన్న ఎంత చమత్కారంగా మాట్లాడతారో నాకు ముప్ఫయ్యేళ్ళు వచ్చాక గానీ తెలియలేదు.