శెట్టిగారి పటాలం

అరకు సంతలో ఉప్పూ పొగాకూ అమ్ముకునే వరహాలుశెట్టికి ఒక పిచ్చి ఉంది. ఎప్పుడో పోయిన పటాలం దొరల ఫొటోలు పోగుచేస్తాడు. అరచేతిలో ఇమిడే అట్టముక్కలు, తాతల నాటివి. ఒక్కొక్క దొరకీ చీపురుకట్టంత మీసం, నడుముకి కత్తి. ఏ బంగళాలోనో పాత సామాను వేలమని తెలిస్తే చాలు, దుకాణం పెళ్ళాం రత్నాలు నెత్తిన పడేసి పరుగో పరుగు. మొన్న తండ్రి తద్దినంనాడూ అంతే. "ఊళ్ళో తమ్ముడున్నాడుగా, వాడు పెడతాడులే" అని వేలానికి పోయి, ఇద్దరు కల్నళ్ళతో తిరిగొచ్చాడు. ఎంత పితృభక్తో!

కాటా వెనక గోడంతా దొరలే. సామలు కోతకొచ్చిన రోజుల్లో కొండమీది పల్లె పూజారి మంగ్లు ఉప్పుకొచ్చి గోడకేసి చూశాడు.

"ఈలంతా బతికే ఉన్నారా, సావుకారీ?"

"ఎప్పుడో పోయార్రా! మహావీరులు!"

"మరి కొత్తల పండక్కి ఈలకి కూడు ఎవులు పెడతన్నారు?"

శెట్టి పకపకా నవ్వాడు. మంగ్లు ఉప్పు అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు. కొత్త పంట ముందు చచ్చిపోయినవాళ్ళకి పెట్టాకే ఆ కొండల్లో ఎవరైనా నోట పెడతారు. ఆకలితో ఉన్న అంతమంది పీనుగ దొరల మధ్యకి బేరానికెవడొస్తాడు? వరసగా సంతలు గడిచాయి, గడప తొక్కినవాడు లేడు. బస్తాల్లో ఉప్పు నీరుకారుతోంది.

"ఆ మీసాల్ని పొయ్యిలో పెడతావా, నన్ను పుట్టింటికి పంపేస్తావా?" అంది రత్నాలు.

పెళ్ళాం మాటకన్నా పొయ్యి మాటకే శెట్టి గుండె గుభేలుమంది. వెళ్ళి మంగ్లు చేతులు పట్టుకున్నాడు.

"ఏటుంది బాబూ, కడుపునిండా పెట్టీడమే. కోడీ, జీలుగు కల్లూ."

ఉల్లిపాయ కూడా ఎరగని కోమటింటి పెరట్లో కోడి తెగింది. మంగ్లు అడ్డాకులు వరసగా పరిచాడు. శెట్టి ముక్కుకి తువ్వాలు చుట్టుకుని, ఒక్కో ఆకు ముందూ ఒక్కో దొరని నిలబెట్టాడు. మంగ్లు పల్లెంతా కొండ దిగొచ్చి చూస్తోంది. ఇక బేరాలకి ఢోకా లేదని లోలోపల పొంగిపోతున్నాడు కూడా.

వరస మొదట్లో ఒక ఆకు మిగిలింది. అందులో కోడి లేదు, కల్లు లేదు. ఉత్త కూడూ పప్పూ.

"ఇదెవరికిరా?"

"మీ అయ్యకి. ఇంటోడు తిన్నాకే గదా సుట్టాలు తినాల! ఆయన ఫొటో అట్టుకురా."

దొరలందర్నీ గోడకెక్కించినవాడికి కన్నతండ్రిని ఒక్క ఫొటో తీయించాలని ఏనాడూ తోచలేదు.

"లేదురా" అన్నాడు శెట్టి.

"లేపోతే నోటితో పిలు బాబూ. దొరలంతా ఆయన కోసమే సూత్తన్నారు."

శెట్టి ముక్కు తువ్వాలు విప్పాడు. "నాన్నా" అన్నాడు. అని, అంతమంది కల్నళ్ళ ఎదుటా భోరున ఏడ్చాడు.