సైదులు తప్పు చెప్పలేదు

కొంగరకలాన్ పోయే దారిలో ఒక ప్లాట్ల వెంచరు ఉంది. దాని గేటు దగ్గర నీలం చొక్కా తొడుక్కుని, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, వచ్చే కార్ల నంబర్లు పుస్తకంలో రాసే మనిషి నా తమ్ముడు సైదులు. వయసు యాభై ఎనిమిది. అందులో ముప్పై తొమ్మిదేళ్లు ఇబ్రహీంపట్నంలో, సాగర్ రోడ్డు మీద, మెకానిక్కుగా బతికాడు. ఇప్పుడు కారు వచ్చి ముక్కు ముందు ఆగినా బానెట్టు వంక చూడడు. నంబరు చూస్తాడు, రాస్తాడు, గేటు కట్టె లేపుతాడు.

ఎందుకిలా అయిందో అందరికీ తెలుసనుకుంటారు. "ఆటోమేటిక్ బండి చేతికి రాంగనే సైదులు పని ఖతమైంది" అంటారు. అనేవాళ్లలో సగం మందికి సైకిల్ గొలుసు ఎక్కించడం రాదు. నేను ఐదో తరగతి దాకా చదివాను. ఇది రాయడానికి ఆ చదువు చాలు.

నా పేరు సత్తమ్మ. సైదులు షెడ్డు పక్కనే నా బండి. కొబ్బరికాయలు, పూలు అమ్ముతాను, కానీ నా పేరు నిలబెట్టింది నిమ్మకాయ మిరపకాయల దండ. శనివారం వచ్చిందంటే లారీలు కూడా నా ముందు వరుస కడతాయి. వేరేవాళ్లు దారంతో గుచ్చి బంపరుకు వేలాడేస్తారు. రెండో గుంతకే రాలిపోతాయి. నేను ఇనుప తీగతో గుచ్చుతాను. బంపరు కిందినుంచి చెయ్యి లోపలికి పెట్టి, చేతికి గట్టిగా ఏది తగిలితే దానికి చుట్టి, నాలుగు మెలికలు తిప్పుతాను. నేను కట్టింది ఊడిందని పందొమ్మిదేళ్లలో ఒక్క డ్రైవరు వచ్చి అనలేదు.

సైదులు గొప్ప అతని కుడి అరచేతిలో ఉండేది. ఇంజను మీద, గేర్‌బాక్సు మీద అరచెయ్యి ఆనించి లోపలే లెక్కపెట్టుకునేవాడు. పది దాకా ఆనితే బండికి ఏమీ కాలేదు. ఐదుకే తీయాల్సి వస్తే ఆయిలు చూడాలి. ఆనకముందే చెయ్యి వెనక్కి వస్తే విప్పాలి. ఆ చేతిని నమ్మి ఎంతమంది లారీవాళ్లు శ్రీశైలం ఘాటు ఎక్కారో నాకు తెలుసు. పెళ్లాం చిన్న వయసులోనే పోయింది. పిల్లలు లేరు. షెడ్డు ఒక్కటే అతనికి ఇల్లూ వాకిలీ.

తర్వాత క్లచ్చు లేని బండ్లు వచ్చాయి. పొలాలు ప్లాట్లయినకొద్దీ అవే ఎక్కువయ్యాయి. అవి షెడ్డు ముందు నుంచి పోయేవి గానీ ఆగేవి కావు. మావాడికి అదే దిగులు. "ఒక్క ఆటోమేటిక్ బండి, అక్కా. ఒక్కదాన్ని బాగుచేసి నలుగురి ముందట రోడ్డెక్కిస్తె చాలు. మిగతయి అవే వస్తయి. లేకుంటె ఈ షెడ్డుకు తాళమే" అనేవాడు.

ఆ ఒక్కటి ఒక మంగళవారం వచ్చింది.

బొంగుళూరు గేటు దగ్గర కాలనీలో ఉంటాడు వీరరాఘవులు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి. మంచివాడే. భార్య మంగాయమ్మకు ఒంట్లో బాగుండదు, వారానికి రెండుసార్లు ఆస్పత్రికి తిప్పాలి. ఆయన కారు నడుస్తూ నడుస్తూ ఎర్ర లైటు వేసి, ఒకే గేరులో బిగుసుకుపోయి, ఎడ్లు మొరాయించిన బండిలా ఈడ్చేది. ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే ఏమీ ఎరగనట్టు నడిచేది.

"సిటీలో చూపించానయ్యా సైదులూ. లోపల ఆయిలు మరిగిపోతోందిట, గేర్‌బాక్సు మొత్తం మార్చాలంటున్నారు. రెండేళ్లు కూడా కాలేదు కొని. నువ్వోసారి చూద్దూ" అన్నాడు.

సైదులు బండి తీసుకుని చెరువు కట్ట దాకా పోయాడు. లైటు వెలగగానే ఆపి, కింద దూరి, గేర్‌బాక్సుకు అరచెయ్యి ఆనించాడట. తిరిగొచ్చి అందరి ముందూ చెప్పాడు.

"పది లెక్కపెట్టిన సారూ, ఇంకో పది లెక్కపెట్టిన. గోరువెచ్చగ ఉన్నది. మరిగేదైతె నా తోలు దానికే అంటుకుంటుండె. గేర్‌బాక్సుది తప్పు కాదు. నా మాట రాసి పెట్టుకోండ్రి."

"మరి కంప్యూటరు అబద్ధం చెబుతుందా?"

"అదేం చేస్తది పాపం. దానికి ఎవలో అబద్ధం చెప్తున్నరు."

కార్ల ఏసీలు, కరెంటు పని చూసే బాలేష్ అక్కడే ఉన్నాడు. నోటి దూల మనిషి. "అన్నా, నీ చెయ్యికి బ్లూటూత్ ఉన్నదా ఏంది?" అని నవ్వాడు.

"నీ డబ్బాకు బుద్ధి ఉన్నదారా? ఉంటె ఇటియ్యి" అన్నాను. కారు కంప్యూటరు లెక్కలు చదివే స్కానర్ డబ్బా తెచ్చిచ్చాడు.

వీరరాఘవులు శనివారం దాకా గడువిచ్చాడు.

ఆ పని ఎలా ఉంటుందో సైదులు నాకు విడమరిచి చెప్పాడు. గేర్‌బాక్సు ఆయిల్లో గింజంత సెన్సర్ మునిగి ఉంటుంది. దాన్నుంచి రెండు సన్న తీగలు కంప్యూటరుకు పోతాయి. ఆయిలు వేడెక్కినకొద్దీ ఆ గింజ కరెంటును ఎక్కువగా వదులుతుంది. అది చూసే కంప్యూటరు డిగ్రీలు లెక్కగడుతుంది. తీగ తెగితే కరెంటే ఉండదు, అప్పుడు ఆయిలు మంచుగడ్డ అనుకుంటుంది. తీగ ఇనుముకు తాకితే కరెంటంతా అటే పోతుంది, అప్పుడు కుతకుత ఉడుకుతోంది అనుకుంటుంది. ఉడుకుతోందనుకుంటే గేరు మారనివ్వదు.

షెడ్డులో నిలబెట్టి చూస్తే డబ్బా అరవై డిగ్రీలు చూపించింది. ప్లగ్గు పీకితే మైనస్ నలభైకి పడింది. అంటే తీగలు బాగున్నాయి, గింజదే తప్పు అనుకున్నాడు. సిటీ నుంచి కొత్తది తెప్పించి, ఆయిలు దింపి, గురువారం మార్చాడు. నడిపి చూడ్డానికి పోయినవాడు స్పీడు బ్రేకరు దగ్గరే ఎర్ర లైటుతో తిరిగొచ్చాడు.

"లైటు ఎర్రగనే ఉన్నదేందన్నా, పండిందా?" అన్నాడు బాలేష్.

ఆ పొద్దుగూకే వేళ సైదులు తీసేసిన పాత గింజను నా ఇంటికి తెచ్చాడు. "అక్కా, పొయ్యి మీద నీళ్లు పెట్టు" అన్నాడు. గింజను గిన్నెలో ముంచి, అది కరెంటును ఎంత ఆపుతోందో చూపే మీటరు పట్టుకుని కూర్చున్నాడు. నీళ్లు వేడెక్కినకొద్దీ మీటరు అంకె మెల్లగా, ఒక్క ఎగుడుదిగుడు లేకుండా తగ్గింది. దించి చల్లారబెడితే అలాగే పెరిగింది. మీటరు కట్టేశాడు.

"దీని తప్పు లేదక్కా. దీన్ని ఉత్తగనే నిందించిన" అన్నాడు.

శుక్రవారం నన్నే కార్లో కూర్చోబెట్టుకున్నాడు, డబ్బా మీద అంకెలు చదవడానికి. ఖానాపూర్ దగ్గర గుంతలో చక్రం పడగానే డెబ్బై ఉన్నది ఒక్కసారిగా నూట యాభై అయింది. సైదులు ఇంజను ఆపలేదు. పక్కకు తీసి, బానెట్టు ఎత్తి, గేర్‌బాక్సు ప్లగ్గు పీకాడు.

"ఇప్పుడు ఎంతున్నదక్కా?"

"నూట యాభై."

"సక్కగ సూడు. మైనస్ కాలేదా?"

"నా కండ్లు పోలేదురా. నూట యాభైనే."

రోడ్డు పక్కన నిలబడి గట్టిగా నవ్వాడు. అతను అలా నవ్వగా ఎన్నేళ్లకో చూశాను. "దొరికింది! గింజ ఊడబీకినా ఉడుకుతుందంటే, ఈ ప్లగ్గుకు కంప్యూటరుకు నడుమ ఒక సన్న తీగ ఇనుముకు తాకుతున్నది. కుదుపుకు తాకుతున్నది, ఇంజను ఆపితే ఇడుస్తున్నది. గందుకే షెడ్డుల దొంగ దొరుకుతలేడు."

ఆ పూటంతా తీగలు పోయే నల్లటి గొట్టం చీల్చి, తీగల్ని కంప్యూటరు దగ్గర్నుంచి జానా జానా తడిమాడు. శనివారం పొద్దుటికి మూరెడు మిగిలింది. అది ముందు బంపరు వెనక, కిందుగా పోతుంది. బంపరు విప్పాలి. పానాలు పరుచుకుంటున్నాడు. అంతలో వీరరాఘవులు వచ్చాడు, వెనకే బండ్లు మోసుకుపోయే లారీ. ముందురోజు కారు లేక మంగాయమ్మ ఆస్పత్రి తప్పిందట. రాత్రంతా ఆయాసపడిందట. మనిషి మొహం పీక్కుపోయి ఉంది.

"ఒక్క పూట ఆగండ్రి సారూ. మూరెడే ఉన్నది."

"సైదులూ, మంగళవారం గేర్‌బాక్సు కాదన్నావ్. గురువారం సెన్సర్ అన్నావ్. ఇవాళ తీగంటున్నావ్. రేపేమంటావో నాకు తెలీదు గానీ, నేనింక ఆగలేనయ్యా."

సైదులు బంపరు వంక చూశాడు. పానా ఇంకా చేతిలోనే ఉంది.

వీరరాఘవులు నా వైపు తిరిగాడు. "శనివారం కదా సత్తమ్మగారూ, దండ మార్చండి. మంచి జరగనీ" అన్నాడు.

ఆ కారుకు పాత దండ కట్టింది నేనే. గొంతుక్కూర్చుని బంపరు కింద చెయ్యి పెట్టాను. తీగ రాలేదు. లోపలికి దిగిపోయింది. పట్టకారుతో మెలికలు విప్పి గట్టిగా గుంజాను. ఊడొచ్చింది. నా ఇనుప తీగకు నల్ల గొట్టం పీలిక ఒకటి, కరెంటు తీగ మీది చిలకాకుపచ్చ ప్లాస్టిక్ తోలు ఒకటి పట్టుకుని వచ్చాయి. కరెంటు తీగను కొరికిన చోట నా తీగకు రాగి రంగు అంటి మెరుస్తోంది. దాని రెండో కొస బంపరు ఇనుప పట్టీకి చుట్టి ఉండింది.

నాకెవరూ చెప్పనక్కర్లేదు. నూట యాభై అని చదివింది నేనే కదా.

నా వెనక నలుగురు డ్రైవర్లు దండల కోసం నిలబడ్డారు. బాలేష్ ఉన్నాడు. వీరరాఘవులు గడియారం చూసుకుంటున్నాడు. సైదులు మూడడుగుల దూరంలో ఉన్నాడు. "ఇగో దొంగ" అని ఆ తీగ చూపిస్తే అయిపోయేది. అర నిమిషం పని. నేను దాన్ని మడిచి బొడ్డు సంచిలో పెట్టుకున్నాను. కొత్త దండను నంబరు ప్లేటుకు కట్టి లేచాను. నా నోరు ఎలాంటిదో ఇబ్రహీంపట్నంలో ఎవర్నయినా అడగండి. అది తెరవకుండా ఉన్నది ఆ ఒక్కరోజే.

సిటీలో గేర్‌బాక్సు మొత్తం మార్చారు. బండి బాగా నడిచింది. నడవదా మరి, నా తీగ నా సంచిలో ఉంటే! "కంప్యూటరు ముందే చెప్పింది. సైదులు చెయ్యి పెట్టి కాదన్నడు" అని ఊరంతా చెప్పుకున్నారు. చెప్పుకుంటే చెప్పుకోనీ అనుకున్నాను. కానీ సైదులు కూడా నమ్మాడు. తీగను తను ఊహించుకున్నానని, గేర్‌బాక్సు నిజంగానే పోయిందని నమ్మాడు. ఆ నెలలోనే ఒక పాత లారీ ఇంజను మీద చెయ్యి ఆనించి, డ్రైవరుతో, "జర నువ్వు పెట్టి సూడు తమ్మీ. వేడిగున్నదా?" అని అడిగాడు. నేను బండి దగ్గర్నుంచి విన్నాను. విని, నిమ్మకాయలు గుచ్చుకుంటూ కూర్చున్నాను.

దసరాకు పానాలకు పసుపు బొట్టు పెట్టలేదు. దీపావళికి షెడ్డు ఖాళీ చేశాడు. పానాలు పాత ఇనుము కింద తూకానికి పోయాయి.

ఎనిమిది నెలలకు నాకు ధైర్యం వచ్చిందని చెప్పను. అన్నం సయించక వెళ్లాను. గేటు దగ్గర అతని చేతిలో ఆ తీగ పెట్టాను. తిప్పి తిప్పి చూశాడు. రాగి మరకను గోటితో గీకాడు. ఆకుపచ్చ తోలు చూశాడు. నేను ఏమీ చెప్పకముందే అంతా అర్థమైంది. పని మరిచిపోయేంత వాడు కాదు.

"గేర్‌బాక్సుది తప్పు కాదురా. నువ్వు చెప్పిందే నిజం" అన్నాను.

"ఎప్పటి సంది ఉన్నదక్కా ఇది నీ కాడ?"

"ఆ శనివారం సంది."

తిడతాడనుకున్నాను. తిట్టించుకోవడానికే పోయాను అక్కడికి. ఇంతలో ఒక కారు వచ్చింది. లేచాడు, నంబరు రాశాడు, కట్టె లేపాడు, దించాడు. తిరిగొచ్చి తీగను చుట్ట చుట్టి నా చేతిలో పెట్టాడు.

"తీస్కపో. మల్ల దండకు పనికొస్తది" అన్నాడు.

వీరరాఘవులుకూ చెప్పాను, ఇంటికి పోయి మరీ. "పోనిద్దురూ, బండి నడుస్తోందిగా" అన్నాడు. బాలేష్‌కు చెప్పాను. "తమ్ముని మీద పావురంతోని అంటున్నవ్ పెద్దమ్మా" అన్నాడు. నిజం ఇంత ఆలస్యంగా చెబితే అది కూడా తమ్ముడి మీద ప్రేమలాగే వినపడుతుందని నాకప్పుడు తెలిసింది. అందుకే రాశాను. సైదులు చెయ్యి తప్పు చెప్పలేదు. తీగ నాది.

ఇప్పుడు దారంతోనే గుచ్చుతున్నాను. రెండో గుంతకే రాలిపోతున్నాయి. డ్రైవర్లు వచ్చి, "ముసల్దానివి అయినవ్ సత్తమ్మా, కట్టుడు మర్శిపోయినవ్" అంటున్నారు.

అననీ.