ఎర్రోడి ముందు పెట్టిన నీళ్లు

"పోటు ఎందాకా వచ్చిందే?" అన్నాడు మా తాతయ్య.

"ఊదాపూల తీగ దాకా వచ్చింది తాతా. తీగ దాటలా" అన్నాను.

"అయితే సరే" అన్నాడు.

మా ఇద్దరి మధ్యా నడిచిన ఆఖరి మాటలు అవే. అప్పటికి ఆయన నులక మంచం మీద నుంచి లేవలేడు. ఇంట్లో ముగ్గురు మగవాళ్లు ఉన్నారు, ముగ్గురూ పడవ మీద పుట్టి పెరిగినవాళ్లే. వాళ్లనెవరినీ అడగలేదు. నన్ను పిలిచి అడిగాడు. ఈ సంగతి చెప్పుకోవడానికి నాకేమీ మొహమాటం లేదు. అంతటి మనిషి నా మాట విని నిశ్చింతగా కళ్లు మూసుకున్నాడు. అయితే ఆ నమ్మకం నాకు ఊరికే దొరకలేదు. ముందు ఒక అబద్ధం ఆడాను, దాని తర్వాత దొరికింది. ఆ అబద్ధం కూడా చెబుతాను, రాసుకో తల్లీ.

నా చిన్నప్పుడు మా ఇల్లు చీరాలకి తూర్పున సముద్రం ఒడ్డున ఉండేది. ఇల్లంటే తాటాకు కప్పిన పాక. వెనక సరుగుడు తోట, ముందు ఇసుక దిబ్బ, దిబ్బ దిగితే నీళ్లు. తాతయ్య, అమ్మ, నాన్న, బాబాయి, నేను, నా తమ్ముళ్లు. మాతోపాటు మూడు కుక్కలు. వాటిని ఎవరూ తెచ్చి పెంచలేదు. వల లాగే చోటికి వచ్చాయి, చేప తల తిన్నాయి, ఉండిపోయాయి. నల్లదాన్ని కర్రిది అనేవాళ్లం. చెవి తెగినదాన్ని డొప్ప అనేవాళ్లం. మూడోది ఎర్రోడు. పేరుకి అందరిదీగాని వాడు నా కుక్క. నేను నీళ్లలోకి దిగితే నడుము లోతు దాకా నా వెనకే వచ్చేవాడు. అల పెద్దదైతే నాకంటే ముందు ఒడ్డుకి పరిగెత్తి అక్కడి నుంచి మొరిగేవాడు.

ఆ రోజులు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు తేలికవుతుంది. పొద్దున్నే చద్దన్నంలో కాల్చిన ఉప్పుచేప నంజుకుని తినేవాళ్లం. తినడం అయ్యీకాకముందే ఇసుకలోకి పరుగు. ఎండ్రకాయలని తరిమేవాళ్లం. కుక్కలు వాటి బొక్కల్లో మూతులు పెట్టి తుమ్ముకుంటూ బయటికొచ్చేవి. మాకు ఇంకో ఆట ఉండేది. ఖాళీ గోనెసంచి మూతి తెరిచి పట్టుకుంటే ఎర్రోడు అందులోకి దూరేవాడు. మూతి మూసి "ఎర్రోడేడీ, ఎర్రోడేడీ" అని నలుగురం వెతుకుతున్నట్టు తిరిగేవాళ్లం. లోపల వాడి తోక కొట్టుకునే చప్పుడు వినబడేది. తెరవగానే బయటికి దూకి మా అందరి మొహాలూ నాకేవాడు. రోజుకి ఎన్నిసార్లు ఆడినా వాడికి విసుగు లేదు.

మిరపకోతల కాలం వస్తే మా అమ్మకి పని ఎక్కువ. కానాగంత చేపలని చీల్చి, కడిగి, కుండలో ఉప్పు పట్టించి, మర్నాడు పాత వలల మీద ఎండబెట్టేది. బాగా ఎండాక తట్టకెత్తుకుని పర్చూరు అవతల మిరప చేలున్న ఊళ్లకి బస్సెక్కి పోయేది. చేపలిచ్చి ఎండు మిరపకాయలు తెచ్చేది. కోతకొచ్చిన కూలీలకి ఉప్పుచేప ఉంటే కూర అక్కర్లేదు, మాకు ఆ మిరపకాయలుంటే ఏడాదంతా వెతుక్కోనక్కర్లేదు. నల్లరేగడి మీద ఎర్రగా ఆరబోసిన కళ్లాలు చూసి రావాలని నాకు ఎంతో ఆశ. ఆ ఏడు నన్ను కూడా తీసుకుపోతానంది అమ్మ. నాకు అప్పుడు ఎనిమిదో, తొమ్మిదో.

రేపు బయలుదేరతామనగా ఆ పొద్దున అమ్మ దిబ్బ మీద వల పరిచి చేపలన్నీ ఆరేసింది. వాటికి ఆఖరి ఎండ అది. "కాకి వాలకూడదు, కుక్క మూతి పెట్టకూడదు, నువ్వు కదలకూడదు" అని చెప్పి మంచినీళ్లకి ఊళ్లోకి పోయింది. కాసేపు కూర్చున్నాను. కింద తమ్ముళ్లూ కుక్కలూ నీళ్లలో అల్లరి చేస్తున్నారు. దిబ్బ మీద గాలికి ఇసుక లేచి చేపల మీద పడుతోంది. నాకొక తెలివైన ఆలోచన వచ్చింది. వలని చేపలతో సహా కిందికి లాక్కుపోయి గట్టి ఇసుక మీద పెడితే ఇసుకా పడదు, ఆటా ఆడుకోవచ్చు, కాపలా కూడా ఉండొచ్చు. సముద్రం ఎందాకా వస్తుందో నాకు తెలియదా ఏం? నిన్నటి పోటు తెచ్చిపడేసిన గవ్వల గీత కనబడుతూనే ఉంది. ఆ గీతకి నాలుగడుగులు పైనే పెట్టాను. పెట్టి, ఆటలో పడ్డాను. దూరంగా నాన్నవాళ్లు వల లాగుతున్నారని అరుపులు వినబడితే కుక్కలతో అటు పరిగెత్తాను.

మర్నాడు పున్నమి. పున్నమి దగ్గర పడేకొద్దీ పోటు రోజురోజుకీ పైకొస్తుంది. నిన్నటి గీత ఇవాళ పనికిరాదు. సముద్రం ఒడ్డున పుట్టిన పిల్లకి ఆ మాత్రం తెలియకపోవడం ఎంత సిగ్గో మా వాళ్లకే తెలుస్తుంది.

నేను తిరిగొచ్చేసరికి వల తడిసి ముద్దయి ఒక పక్కకి కొట్టుకుపోయింది. దాని మడతల్లో నాలుగైదు చేపలు మిగిలాయి. మిగతావి అల మీద తెల్లగా పొట్టలు చూపిస్తూ తేలుతున్నాయి. మోకాళ్ల లోతు దిగి ఏరడానికి చూశాను, చేతికి అందలేదు. ఏడుస్తూ వలని దిబ్బ మీదికి ఈడ్చి సరుగుడు చెట్ల వెనక దాచాను.

అమ్మ బిందె దించి చూసింది. ఇసుక మీద చేపలు లేవు, వల లేదు. "ఏమయ్యాయే?" అంది. నా నోట్లోంచి వచ్చేసింది, "కుక్క తినేసింది, వల కూడా ఈడ్చుకుపోయింది" అని. ఏ కుక్క అంది. సరిగ్గా అప్పుడే ఎర్రోడు తోక ఊపుకుంటూ నా కాళ్ల దగ్గరికి వచ్చాడు. వేలు చూపించాను.

మా వాడలో ఒక కట్టుబాటు ఉండేది. వల దగ్గర రాలిన చేప కుక్కదే, ఎవరూ అదిలించరు. ఎండబెట్టిన చేపలో మూతి పెట్టిన కుక్కని మాత్రం ఉంచరు. ఒకసారి రుచి మరిగితే వాడలో ఎవరి చేపా దక్కదు. అలాంటి కుక్కని గోనెసంచిలో కట్టి, సరుగుడు కర్రలు మోసుకుపోయే లారీ మీద వేసి, తిరిగి రాలేనంత దూరంలో వదిలేయిస్తారు. బాబాయి ఎర్రోణ్ణి పట్టుకుని పడవ నీడన కట్టేశాడు. మధ్యాహ్నం లారీ వస్తుంది, ఎక్కించేస్తానన్నాడు.

వాడంతా పోగయింది. పక్కింటి అక్క నడుముకి చెయ్యి పెట్టి, "ఒక్కటే కుక్క అన్ని చేపలు తిందా బాబాయి? నిజమో కాదో మూతి వాసన చూడరాదూ" అంది.

"చేప వాసన రాని మూతి మనలో ఎవరికుందే? ముందు నీది చూడాలి" అన్నాడు బాబాయి. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

ఇంతలో వల పని ముగించుకుని తాతయ్య వచ్చాడు. జరిగింది విన్నాడు. నన్ను ఒక్క మాట అడగలేదు. నా తడిసిన పావడా అంచుకేసి చూశాడో లేదో కూడా నాకు తెలియదు. పాకలోకి పోయి మట్టి మూకుడు నిండా మంచినీళ్లు తెచ్చి ఎర్రోడి ముందు పెట్టాడు. వాడు మూతి పెట్టి మూడు నాలుగు సార్లు నాకాడు. అంతే, తల పక్కకి తిప్పుకుని పడుకున్నాడు. మూకుడు నిండుగానే ఉంది.

తాతయ్య మూకుడికేసి చూస్తూ, "ఉప్పు తిన్న నోరు నీళ్లు తాగాలి గదరా. తట్టెడు ఉప్పుచేప తిన్న కుక్క బావినైనా తాగుద్ది. వీడికి దాహమే లేదు" అన్నాడు. తర్వాత సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు. నా వైపు మాత్రం చూడలేదు. చూసి ఉంటే నేను పారిపోయేదాన్నేమో. నా తప్పు నేనే చెప్పుకోవడానికి నాకు చోటు వదిలాడని ఇప్పుడు తెలుస్తోంది.

అయినా నేను నోరు విప్పలేదు. పైన దారి మీద లారీ హారన్ మోగింది. "నీళ్లు తాగలేదని వదిలేస్తే రేపు మన తట్టకెవరు దిక్కు నాన్నా?" అంటూ బాబాయి ఎర్రోడి కట్టు విప్పి, గోనెసంచి తెచ్చి మూతి తెరిచాడు.

ఎర్రోడు చటుక్కున లేచాడు. ఎవరూ పట్టుకోలేదు, తోయలేదు. తోక ఆడించుకుంటూ తనంతట తానే సంచిలోకి దూరాడు. లోపల తోక కొట్టుకునే చప్పుడు వినబడింది. మేము వెతుకుతామని వాడు ఎదురు చూస్తున్నాడు.

ఇక నావల్ల కాలేదు. బాబాయి చేతుల మీద పడి సంచి లాక్కున్నాను. "వాడు తినలేదు! నేనే కిందికి లాక్కుపోయా. సముద్రం పట్టుకుపోయింది. వల తోటలో దాచా" అని వాడంతా వినబడేలా అరిచాను. ఇప్పుడు నాకున్న ఈ బొంగురు గొంతు ఆ రోజే మొదలైందని మావాళ్లు ఎగతాళి చేస్తుంటారు.

అమ్మ చెయ్యెత్తింది. తాతయ్య అడ్డం వచ్చి ఆ చెయ్యి పట్టుకున్నాడు. "కొట్టమాక. పున్నమి పోటు తెలియని పిల్ల మనింట్లో ఉందంటే దాని తప్పు కాదమ్మా, నేర్పని నాది" అన్నాడు.

"ఆడపిల్లకి పోటు లెక్కలెందుకు మావయ్యా?" అంది అమ్మ.

"మగాళ్లు నీళ్ల మీద ఉంటారు. ఒడ్డు కాసేది మీరే గదా! మరి ఒడ్డు సంగతి మీక్కాక ఎవరికి తెలియాలి?" అన్నాడు. అమ్మ చెయ్యి దించింది. లారీ ఆగకుండానే పోయింది.

మర్నాడు అమ్మ తట్ట కట్టింది. పాకలో దాచిన పాత చేపలన్నీ కలిపితే సగం తట్ట అయింది. నన్ను తీసుకుపోదనుకున్నాను. తీసుకుపోయింది. మిరప కళ్లంలో ఒక పెద్దామె "ఏమ్మా, ఈసారి ఇంతేనా?" అని అడిగితే, అమ్మ నన్ను ముందుకి నెట్టి, "మిగతావి మా పిల్ల సముద్రానికి పెట్టిందమ్మా. పెట్టిందిగానీ అందరి ముందూ ఒప్పుకుంది" అంది. ఆ గొంతులో కోపం వెతికాను, లేదు. ఆ మిరపకాయల ఘాటుకో, ఆ మాటకో నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

తిరిగొచ్చిన నాటి నుంచి తాతయ్య నాకు చదువు మొదలుపెట్టాడు. బడిలో నేను రెండో తరగతి దాటలేదు, ఈ చదువు మాత్రం పూర్తిగా చదివాను. పోటు రోజుకి రెండు గడియలు ఆలస్యమవుతుంది. అష్టమికి చిన్నది, పున్నమికీ అమావాస్యకీ పెద్దది. తూర్పుగాలి గట్టిగా కొడితే ఇంకో పది అడుగులు కలుపుకో. పొద్దున్నే ఆయన, నేను, మూడు కుక్కలు ఒడ్డు వెంట నడిచేవాళ్లం. ఆయన కర్రతో గీత గీసి "ఇక్కడిదాకా వస్తుంది" అనేవాడు. వచ్చేది. కొన్నాళ్లకి కర్ర నా చేతికిచ్చాడు. మొదట్లో నేను గీసిన గీతలన్నీ సముద్రం తుడిచేసింది. తర్వాత తర్వాత గీత దగ్గరికొచ్చి వెనక్కి తిరగడం నేర్చుకుంది.

ఒక అమావాస్యనాడు వాడలో ఆడవాళ్లతో చేపలు పైకి జరపమన్నాను. పక్కింటి అక్క, "ఏమే, సముద్రానికి విందు పెట్టినదానా, నువ్వా మాకు చెప్పేది?" అంది. చెప్పాల్సింది చెప్పి ఊరుకున్నాను. కాసేపటికి తనే లేచి వెళ్లి తన వల జరుపుకుంది. పోటు ఆ వల వేసిన చోటు దాటి వచ్చింది. ఆ తర్వాత నన్నెవరూ వెక్కిరించలేదు. ఇప్పుడు అందరి చేతుల్లో ఫోన్లున్నాయి, అలల సంగతి అవే చెబుతాయట. అయినా పొద్దున్నే ఇద్దరు ముగ్గురు కోడళ్లు గుమ్మంలోకొచ్చి, "పెద్దమ్మా, ఇవాళ ఎందాకా?" అని అడిగి పోతుంటారు. చెబుతాను. ఇప్పటిదాకా ఎవరి చేపా తడవలేదు.

పోటు లెక్క నేర్చుకున్నందుకు నాకు గర్వమే. అంతకంటే లోపల దాచుకున్నది ఇంకొకటుంది. నోరు లేనిదాని మీదికి మన తప్పు తోయకూడదు. అది కాదనలేదు, పైగా తోక ఊపుకుంటూ సంచిలోకి వస్తుంది. మా ఆయన పోయిన ఏడు నేను పడవ ఇంజను మీద పట్టా కప్పడం మరిచాను. వాన పడి అది పాడైంది. కొడుకు వచ్చి, "నాన్న పోయేముందు ఇలా వదిలేశాడా అమ్మా?" అన్నాడు. ఔనంటే అక్కడితో పోయేది. చచ్చినవాళ్లకీ నోరుండదు కదా. "మీ నాన్న జాగ్రత్తగానే పెట్టాడురా. మరిచింది నేను" అన్నాను. వాడు కోపంగా పోయి, సాయంత్రానికి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఆ రాత్రి మా ఆయన ఫోటో వైపు సూటిగా చూడగలిగాను. భర్త పోయినదాన్ని, చదువు లేనిదాన్ని, నా దగ్గర ఏముందంటే ఇది ఉంది. ఎవరి మొహమైనా సూటిగా చూడగలను.

చాలు, ఇక రాయడం ఆపు. ఇప్పుడు మొదటి నుంచీ చదువు తల్లీ, వింటాను. నిదానంగా చదువు. నేను అబద్ధమాడిన చోట గొంతు తగ్గించకు.