పచ్చి గచ్చు మీద పద్నాలుగు గుంటలు

అశోక్‌నగర్‌లో నేను వంట చేసే ఆడపిల్లల హాస్టల్లో వారం నుంచి కొత్త పిచ్చి పట్టుకుంది. సర్కారు కొలువుల పరీక్షలకు చదివే పిల్లలు, పాతికేళ్లు దాటినవాళ్లు, ఫోన్‌లో వామనగుంటలు ఆడుతున్నారు. చిన్నప్పుడు ఎండాకాలం సెలవుల్లో తిండి మానేసి ఆడిన ఆటేనట, ఇన్నాళ్లకు మళ్లీ దొరికిందట. అన్నం పళ్లెం ఒళ్లో పెట్టుకుని, ఎడమచేతి బొటనవేలితో గింజలు పంచుకుంటూ, కూరలో ఉప్పు మరిచినా అడగడం లేదు. నిన్న ఒక పిల్ల నా కొంగు పట్టి కూర్చోబెట్టింది.

"పెద్దమ్మా, జర ఒక్క ఆట ఆడు. అసలు నీకొస్తదా?"

"మీ అమ్మమ్మకు నేర్పేటంత వస్తది" అన్నాను.

కానీ రెండు ఎత్తులు కూడా ఆడలేకపోయాను. నా ఈడువాళ్లకు చెప్పక్కర్లేదు, గుంట ఊడ్చి గింజలు గుప్పిట్లోకి తీసుకుంటేనే మనకు లెక్క తెలిసేది. ఇక్కడ గింజలు వాటంతటవే రాలుతున్నాయి, నా చెయ్యి ఖాళీగా ఉంది. లేచాను, మళ్లీ కూర్చున్నాను, మళ్లీ లేచి కడిగిన బియ్యమే ఇంకోసారి కడిగాను. నిజం చెప్పాలంటే, లేచింది ఫోన్ చేతకాక కాదు.

నాకు పదేళ్లప్పుడు ఒక ఎండాకాలం అమ్మ నన్నూ తమ్ముణ్నీ వెంటబెట్టుకుని పాలమూరు దిక్కు నుంచి పనికొచ్చింది. ఈ హాస్టల్‌కు నాలుగు గల్లీల అవతల ఒక ఇల్లు లేస్తుంటే, అక్కడే రేకుల కింద ఉండేవాళ్లం. అమ్మ తట్టలు మోసేది, నేను గోడలకు నీళ్లు కొట్టేదాన్ని. ఇల్లు కట్టించే ఆయన నారాయణగూడలో కిరాయికి ఉండి, సాయంత్రాలు పని చూసుకోవడానికి తన బిడ్డను సైకిల్ మీద ఎక్కించుకుని వచ్చేవాడు. ఆ పిల్లది నా ఈడే. చేతిలో మడిచే వామనగుంటల చెక్కపీట, సంచిలో గవ్వలు. వాళ్ల నాన్న మేస్త్రితో మాట్లాడినంతసేపూ మేమిద్దరం ఇసుక కుప్ప మీద ఆడేవాళ్లం. నేను గెలిస్తే ఆమె ఒప్పుకునేది కాదు. "దొంగదానివి, గవ్వలు దాస్తున్నవ్" అని నా వేళ్లు ఒక్కొక్కటే విప్పి చూసేది. ఇంతలో వాళ్ల నాన్న పిలిచేవాడు, ఆట మధ్యలోనే పీట మడిచి పోయేది. ఆగిపోయిన ఆ ఆట మరునాటి సాయంత్రం దాకా నన్ను ఒకచోట నిలవనిచ్చేది కాదు.

ఒకనాడు వరండాకు గచ్చు చేశారు. ఆరితే అది రాయవుతుందని కూలోళ్ల పిల్లలం మాకు బాగా తెలుసు. ఆ తండ్రీబిడ్డలు వెళ్లిపోయి, మేస్త్రి చేతులు కడుక్కుని గేటు దాటగానే, అమ్మ గంటె తెచ్చి దాని వీపుతో ఒక మూలన అటు ఏడు, ఇటు ఏడు గుంటలు అద్దాను. ఎవరూ మడిచి తీసుకుపోలేని పీట. ఆ వరండా ఎవరిదన్న ఆలోచనే నాకు రాలేదు.

పొద్దున మేస్త్రి చూశాడు, ఇంటాయనకు కబురు పంపాడు. ఆయన వచ్చాడు, సైకిల్ వెనక ఆ పిల్ల.

"ఈ పాలమూరోళ్ల పోరలే చేసిన్రు సారూ. తల్లిని పని నుంచి తీసేస్త, సామాను సర్దుకుంటరు" అన్నాడు మేస్త్రి. అమ్మ నెత్తి మీది తట్ట దించలేదు. ఊళ్లో మాకు తిరిగి పోవడానికి ఏమీ మిగల్లేదు.

ఆ పిల్ల గుంటలను చూసింది, నన్ను చూసింది. "నేనే చేసిన నాన్నా, నిన్న పోయేటప్పుడు" అంది.

వాళ్ల నాన్న ఆమె రెండు చెంపలూ వాయించాడు. అమ్మ నా భుజం గట్టిగా పట్టుకుంది. పట్టుకోకపోయినా నేను నోరు తెరిచేదాన్ని కాదు, ఆ సంగతి ఎవరి ముందైనా ఒప్పుకుంటాను.

అమ్మ పని నిలిచింది. ఆ పిల్లను మాత్రం వాళ్ల నాన్న మళ్లీ తీసుకురాలేదు. సైకిల్ గంట వినిపించిన ప్రతిసారీ నీళ్ల బకెట్ వదిలి పరుగెత్తేదాన్ని, ఆయన ఒక్కడే దిగేవాడు. గృహప్రవేశానికి ముందే మమ్మల్ని రాంనగర్‌లో ఇంకో పనికి మార్చారు.

ఇవాళ మధ్యాహ్నం, నిన్న నన్ను ఆడమన్న హాస్టల్ పిల్ల పక్కన చేరి, ఎదుట ఆడేదెవరని అడిగాను.

"ఎవరో పెద్దమ్మా, మనకేం ఎరుక. పైన పేరుంటది గని అది ఉత్తుత్తిదే. బోర్ కొడితే బంద్ చేసుడే."

ఆమెను తప్పుపట్టను. ఏళ్లకేళ్లు పరీక్షల కోసం కాచుకునే పిల్లలకు, మధ్యలో లేచిపోయినా ఎవరూ నొచ్చుకోని ఆట ఒకటి ఉండనీ.

నలభై దాటాక చిక్కడపల్లిలో సాయంత్రం బడికి పోయి అక్షరాలు దిద్దాను కాబట్టి, ఆ ఉత్తుత్తి పేర్లను నేనూ కూడబలుక్కుని చదువుతాను. మా ఆటలో పేర్లు లేవు. ఆ ఎండాకాలమంతా నేను ఆమెను "అమ్మాయి" అన్నాను, ఆమె నన్ను "ఏయ్" అంది. నా పేరైనా తెలియకుండానే ఆ పిల్ల నా వంతు దెబ్బలు తిన్నది.